పాత నగరపు దేవిడీలు: విరాసత్, వాటా, వ్యాపారము

చార్మినారునకు నేడు కూల్చివేత భయము లేదు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో నున్న కట్టడము. 1958 నాటి ప్రాచీన స్మారకముల చట్టమునకు 2010లో చేసిన సవరణ ననుసరించి, అట్టి కట్టడమునకు 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపైన మరి 200 మీటర్ల వరకు అనుమతి పొందియే కట్టవలెను. కాని 1591లో వెలసిన హైదరాబాదు నగర మనగా నాలుగు మినారులు మాత్రమే కాదు. వాని వెనుక గల్లీలలో తరతరములుగా కుటుంబములు కాపురమున్న దేవిడీలు కూడ నగరమే. ఆ దేవిడీలకు ఏ కొలతగీతయు కాపలా లేదు. మన కళ్ల యెదుట కరగిపోవుచున్నవి అవియే.

దేవిడీ యనగా వట్టి పెద్ద ఇల్లు కాదు. అమీరులును, జాగీర్దారులును కట్టించుకొన్న ఆవరణ గృహము. వీథి వైపు ఎత్తైన ద్వారము, లోపల విశాలమైన సహను, దానికి ముందు కమానుల దాలాను, అతిథుల కొరకు దీవాన్‌ఖానా, స్త్రీల కొరకు వేరుగా జనానా. గోడలు రాతితోను, డంగు సున్నముతోను లేచినవి. ఆ సున్నములో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలుపుట మన ప్రాంతపు మేస్త్రీల పద్ధతి. సున్నపు గోడ తేమను పీల్చుకొని మరల బయటికి విడుచును. నేడు మరమ్మతు పేరిట దానిపై సిమెంటు పూయుచున్నారు. తేమ లోపలనే చిక్కుకొని, పూత ఉబ్బి, గోడ గుల్లబారుచున్నది. శిథిలమైనదని కూల్చిన కట్టడములలో ఇట్టి మరమ్మతు వలన చెడినవి ఎన్నియో!

దీవాన్ దేవిడీ కథ విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది. అది సాలార్ జంగ్ వంశీయుల నివాసము. మూడవ సాలార్ జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో అవివాహితులుగా మరణించిరి. వారు సేకరించిన కళాఖండములతో 1951 డిసెంబరు 16వ తేదీన ఆ దేవిడీలోనే మ్యూజియమును పండిత నెహ్రూ ప్రారంభించిరి. 1961లో పార్లమెంటు చట్టము ద్వారా అది జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యైనది. 1968లో వస్తువులన్నియు నేటి మ్యూజియము భవనమునకు తరలిపోయినవి. దేవిడీ మాత్రము నిలువలేదు. ఆ నేలపై దుకాణముల సముదాయములు లేచినవి. పేరును, ద్వారభాగమును మిగిలినవి. వస్తువులకు చట్టము దొరకినది, వానిని తరములపాటు దాచిన ఇంటికి దొరకలేదు.

దీనికి మూలకారణము బిల్డరు దురాశ యొక్కటే యని చెప్పుట సులభము. నా అభిప్రాయములో అది సగము మాట. 1949లో జాగీర్లు రద్దయినవి. ఆ సంస్కరణ న్యాయమైనదే. కాని ఆ రాబడిపై నిలిచిన ఇండ్లకు వార్షికపు మరమ్మతు ఖర్చు పెట్టువారు కరవైరి. ఇక రెండవది విభజన. ఉర్దూలో విరాసత్ అన్నను, తెలుగులో వారసత్వము అన్నను, వారిస్ అను అరబ్బీ పదమే మూలము. చారిత్రక సంపదకును, ఆస్తి వాటాకును మన మొకటే మాట వాడుచున్నాము. ఆ రెండును ఒకే ఇంటిలో ఎట్లు ఢీకొనునో లెక్క వేసి చూతము.

2,000 గజముల దేవిడీ యజమాని భార్యను, ముగ్గురు కుమారులను, ఇద్దరు కుమార్తెలను విడిచి మరణించెననుకొందము. షరియతు ప్రకారము భార్యకు ఎనిమిదవ వంతు, అనగా 250 గజములు. మిగిలిన 1,750లో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. అనగా ప్రతి కుమారునికి 437.5, ప్రతి కుమార్తెకు 218.75 గజములు. తరువాత ఒక కుమారుడు భార్యను, ఇద్దరేసి కుమారులను, కుమార్తెలను విడిచి పోయెను. (అతని తల్లి అంతకు ముందే గతించినదనియు, ఆమె వాటాను పక్కన పెట్టితి మనియు భావింపుడు.) అతని కుమార్తెకు వచ్చునది సుమారు 64 గజములు. రెండు తరములలో ఇంత! ఇందు చట్టమును నిందింప పనిలేదు. ఆడబిడ్డకు నిశ్చితమైన వాటా నిచ్చిన ధర్మమది. 2005 సవరణ తరువాత హిందూ కుటుంబములలోను కుమార్తె సమాన వాటాదారు. చిక్కంతయు కట్టడములోనే యున్నది. సహనును 64 గజముల ముక్కలుగా కోయుట సాధ్యము కాదు. వేరొక ఊరిలో అద్దె కట్టుచున్న ఆ ఆడబిడ్డకు కమానుల అందము అన్నము పెట్టదు. బిల్డరు డెవలప్‌మెంట్ అగ్రిమెంటు తెచ్చి, ప్రతి వాటాకు ఒక ఫ్లాటు చూపినప్పుడు ఆమె సంతకము చేసినచో తప్పు పట్టుట కెవరికి అర్హత కలదు?

ప్రభుత్వము చేసినదేమి? ముంబయి తరువాత దేశములో ముందుగా మేల్కొన్న నగరములలో హైదరాబాదు ఒకటి. 1995లో నగర జోనింగు నిబంధనలలో 13వ నిబంధనను చేర్చి, చారిత్రక భవనములను జాబితా కెక్కించిరి. 2015లో ఆ నిబంధనను తొలగించిరి. 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది. 2019లో 1870 ప్రాంతపు ఎర్రం మంజిల్‌ను కూల్చి శాసనసభా భవనము కట్ట నిశ్చయించినప్పుడు, ఆ నిర్ణయమును హైకోర్టు సెప్టెంబరులో కొట్టివేసినది. ఆ భవనము ప్రభుత్వము చేతిలో నున్నది. పౌరులు కోర్టు కెక్కగలిగిరి. వాటాదారులే సంతకము పెట్టి కూల్చుకొను దేవిడీ కొరకు కోర్టు మెట్లెక్కువా రెవరు?

చౌమహల్లా దారి వేరు. నిజాము కుటుంబము పూనుకొని, ధనము వెచ్చించి బాగుచేయించినది. 2005లో ప్రజలకు తెరచిరి. 2010లో యునెస్కో పురస్కారము లభించినది. సామాన్య కుటుంబమునకు అట్టి స్తోమత లేదు. వారికి పనికివచ్చునవి వేరే కలవు, కాని తెలిసినవారు తక్కువ. 1893 నాటి పార్టిషన్ చట్టము ప్రకారము సగము, అంతకు మించిన వాటాలు గలవారు కోరినచో, పంచుటకు వీలులేని ఇంటిని కోర్టు అమ్మింపవచ్చును. అయితే ఇల్లు నిలుపదలచిన వాటాదారులు, అమ్మకము కోరినవారి వాటాలను కోర్టు కట్టిన విలువకు తామే కొనుటకు అదే చట్టము వీలు కల్పించినది. రెండవది వక్ఫ్ అలల్ ఔలాద్. 1913 చట్టము దీనికి బలమిచ్చినది: ఆస్తి అమ్ముడుపోదు, రాబడి సంతతికి చెందును. స్త్రీ వారసుల హక్కునకు దీనివలన భంగము రాకూడదని 2025 సవరణ చెప్పుచున్నది. అది అవసరమైన మాటయే. మూడవది, బదిలీ చేయదగిన నిర్మాణ హక్కు, టీడీఆర్. పాత కట్టడమును కూల్చక సద్వినియోగములో నుంచిన యజమానికి, తన స్థలములో కట్టక వదలిన నిర్మాణమును వేరొక చోటికి అమ్ముకొను పత్రము లభించును. 2012 భవన నియమావళి చారిత్రక కట్టడములకు దీనిని అంగీకరించినది. అయితే పత్రము కావలెనన్నచో యాజమాన్యము స్పష్టముగా నుండవలెను. తాత పేరనే నిలిచిపోయిన కాగితములతో, గల్ఫులోను, అమెరికాలోను స్థిరపడిన వాటాదారుల సంతకములు కూడగట్టుటయే మొదటి పని. బిల్డరు ఆ పనిని ఆరు నెలలలో ముగించుచున్నాడు.