ఉక్కు కడ్డీల తూకము - రైతు స్వయముగా లెక్క కట్టుకొను విధము

కృష్ణా డెల్టాలో ధాన్యపు కొట్టు గాని, పశువుల సాల గాని, బోదె మీద చిన్న కల్వర్టు గాని, ఏది కట్టవలెనన్నను సిమెంటుతో పాటు ఉక్కు కడ్డీలు కావలెను. వీటిని తూకము చొప్పున గాని, కడ్డీల లెక్కన గాని అమ్ముదురు. లెక్కన కొన్నప్పుడు సన్నని కడ్డీ వచ్చినచో నష్టము సొమ్ముతో పోదు. శ్లాబు బలము కూడ తగ్గును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎరిగిన దివిసీమ వారికి గట్టి కప్పు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

లెక్క కట్టు విధము

కడ్డీ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని దానితోనే హెచ్చవేసి, 162 చేత భాగింపవలెను. వచ్చినది ఒక మీటరు కడ్డీ బరువు, కిలోలలో. ఘనమీటరు ఉక్కు 7,850 కిలోలు తూగును. గుండ్రని కడ్డీకి ఆ లెక్కను కుదించగా ఈ 162 వచ్చినది.

వ్యాసము - మీటరు బరువు - 12 మీటర్ల కడ్డీ బరువు
8 మి.మీ. - 0.395 కిలో - 4.74 కిలోలు
10 మి.మీ. - 0.617 కిలో - 7.41 కిలోలు
12 మి.మీ. - 0.889 కిలో - 10.67 కిలోలు
16 మి.మీ. - 1.580 కిలోలు - 18.96 కిలోలు
20 మి.మీ. - 2.469 కిలోలు - 29.63 కిలోలు

ఉదాహరణము: కొట్టు శ్లాబుకు 12 మి.మీ. కడ్డీలు 40 కావలెననుకొనుడు. ఒక్కొక్కటి 12 మీటర్లు. మొత్తము 480 మీటర్లు. దీనిని 0.889 చేత హెచ్చవేయగా సుమారు 427 కిలోలు. లారీని ఖాళీగా ఒకసారి, సరుకుతో ఒకసారి కాటా వేయించి, రశీదుతో సరిచూచుకొనవలెను.

సైజు సరిచూచుట

కడ్డీ మీద ఉబ్బు గీట్లుండుటచే కొలబద్దతో అసలు వ్యాసము తెలియదు. తూకమే సరియైన సాక్షి. సరిగా ఒక మీటరు ముక్క కోయించి తూచి, ఆ కిలోలను 162 చేత హెచ్చవేసి, వర్గమూలము తీయవలెను. 12 మి.మీ. అని ఇచ్చిన కడ్డీ ముక్క 816 గ్రాములే తూగినచో, 0.816ను 162 చేత హెచ్చవేయగా 132.2 వచ్చును; దాని వర్గమూలము 11.5. అనగా అర మిల్లీమీటరు తక్కువ. చూపునకు ఇది స్వల్పమే. ఉక్కులో మాత్రము నూటికి 8 పాళ్లు పోయినట్లే.

కొద్ది తేడాను ప్రమాణమే ఒప్పుకొనును. ఐ.ఎస్. 1786 ప్రకారము ఒక్కొక్క నమూనాలో తరుగు 10 మి.మీ. వరకు నూటికి 8, ఆపైన 16 మి.మీ. వరకు 6, అంతకు మించినవాటికి 4 దాటరాదు. మొత్తము సరుకు మీద హెచ్చుతగ్గులు వరుసగా 7, 5, 3 లోపల ఉండవలెను. కావున 12 మి.మీ. ముక్క 835 గ్రాములకు తగ్గినచో ఆ సరుకును తిరిగి పంపుడు.

కొన్న పిదప

మచిలీపట్నము, నాగాయలంక వైపు ఉప్పుగాలికి కడ్డీ త్వరగా తుప్పు పట్టును. నేల మీద పడవేయక, దుంగల మీద పేర్చి కప్పియుంచవలెను. పొరలు రాలునంత తుప్పు పట్టిన కడ్డీని తిరిగి తూచి చూడక వాడరాదు.

గ్రామాధికారులు పంచాయతీ పనులకు వచ్చు ఇనుమును కూడ ఇటులనే తూయించుట మేలు. కాంక్రీటు పోసిన పిదప లోపలి కడ్డీని ఎవరును తూచలేరు; తూచవలసినది పోయక ముందే.