మెయిల్ తెరిచినట్టా, తెరవనట్టా?

ప్రశ్న: మాది మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారం. అమెరికాలో ఉన్న మనవాళ్లే ఎక్కువగా కొంటారు. కొత్త చీరలు వచ్చినప్పుడల్లా 800 మందికి మెయిల్ పంపుతాం. నూటికి డెబ్భై మంది తెరిచారని సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. ఆర్డర్లేమో మూడో నాలుగో. చీరలు నచ్చట్లేదా, ధర ఎక్కువైందా?
- ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: చీరలను అనుమానించకండి, ముందు ఆ డెబ్భైని అనుమానించండి.

మీ సాఫ్ట్‌వేర్ ప్రతి మెయిల్‌లోనూ, సాధారణంగా అడుగున, కంటికి ఆనని బొమ్మ ఒకటి పెడుతుంది. పొడవు ఒక పిక్సెల్, వెడల్పు ఒక పిక్సెల్, రంగు లేదు. 800 మందికీ ఆ బొమ్మ లింకు వేర్వేరుగా ఉంటుంది. ఎవరి ఫోనైనా దాన్ని సర్వర్ నుంచి తెచ్చుకోగానే ‘ఫలానా ఆవిడ తెరిచింది’ అని టైముతో సహా నమోదవుతుంది. అంటే సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది బొమ్మ దిగిన సంగతే. ఆవిడ చదివిందా, చీర చూసి ముచ్చటపడిందా అన్నది దానికేం తెలుసు?

పైగా 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో ఆపిల్ ఒక మెలిక పెట్టింది. ఐఫోన్ మెయిల్ యాప్‌లో ‘ప్రైవసీ ప్రొటెక్షన్’ అనే రక్షణ ఆన్ చేసుకున్నవాళ్లకు మెయిల్ రాగానే అందులోని బొమ్మలను ఆపిల్ సర్వర్లే దించి పెట్టేసుకుంటాయి, మనిషి తెరిచినా తెరవకపోయినా. జీమెయిల్ అడ్రసైనా సరే, చూసేది ఆ యాప్‌లో అయితే కథ ఇదే. అమెరికాలో ఐఫోన్ల వాడకం ఎంతో మీకు నేను చెప్పాలా? మీ డెబ్భైలో చాలా భాగం అలా వచ్చిందే అయి ఉంటుంది.

చదివినా లెక్కలోకి రాని తిరకాసు కూడా ఉంది. మెయిల్ కోడ్ 102 కేబీ దాటితే జీమెయిల్ అడుగుభాగాన్ని కత్తిరించేస్తుంది (ఫొటోల బరువు ఇందులోకి రాదు). బొమ్మ ఆ కత్తిరించిన ముక్కలో ఉంటే, శ్రద్ధగా చదివిన ఆవిడ కూడా ‘తెరవలేదు’ ఖాతాలో పడుతుంది. ఆఫీసు ఔట్‌లుక్‌లో బొమ్మలు ఆపేసి ఉంచినవాళ్లదీ అదే పరిస్థితి. అందుకే ‘తెరవనివాళ్లకు మళ్లీ పంపు’ అనే బటన్ జోలికి వెళ్లకండి. చదివినవాళ్లకే మళ్లీ పంపి విసిగించినట్టవుతుంది. విసిగినవాళ్లు స్పామ్ నొక్కుతారు. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని జీమెయిల్ నియమం. మీవాళ్లంతా జీమెయిల్ వాడతారనుకుంటే, ఒక విడతలో ముగ్గురు నొక్కితే చాలు, గీత దాటినట్టే. ఆ తర్వాత మీ మెయిల్ ఇన్‌బాక్స్ చేరడమే కష్టం.

మరి ఏం లెక్కపెట్టాలి? ఒక్కో చీర ఫొటోకు ఒక్కో లింకు ఇచ్చి, ఏది ఎక్కువమంది నొక్కారో చూడండి. మెయిల్ అందిన కొన్ని సెకన్లలోనే ఒకే అడ్రసు నుంచి లింకులన్నీ నొక్కినట్టు కనిపిస్తే మాత్రం మురిసిపోకండి; అది ఆఫీసుల భద్రతా సాఫ్ట్‌వేర్ చేసే తనిఖీ. వీటన్నిటికంటే నాకు నచ్చిన ఉపాయం ఇంకొకటుంది. మెయిల్ చివర ‘నిజాం బోర్డర్‌లో ఏ రంగు నేయించమంటారు? దీనికే రిప్లై ఇవ్వండి’ అని అడగండి. వచ్చే జవాబులు పదే కావచ్చు. ఆ పదిమందీ మనుషులే, అందులోనూ కొనే ఉద్దేశం ఉన్న మనుషులు.

ప్రశ్న: ఒక బీమా ఏజెంటు ఫోన్ చేసి ‘నిన్న రాత్రి మా మెయిల్ చూశారటగా అంకుల్’ అన్నాడు. నిజంగానే చూశాను. వాడికెలా తెలిసింది? నా ఫోన్ ఎవరైనా హ్యాక్ చేశారా?
- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ

జవాబు: హ్యాకూ లేదు, గీకూ లేదు మాస్టారూ. పైన చెప్పిన బొమ్మే చాడీ చెప్పి ఉంటుంది. మీది జీమెయిల్ అయితే, అది 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సర్వర్ల మీదుగా తెస్తోంది కాబట్టి, బొమ్మను బట్టి మీరు ఏ ఊళ్లో ఉన్నారో అతనికి తెలియదు. తెరిచిన సంగతి మాత్రం తెలుస్తుంది.

జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఇమేజెస్’ దగ్గర, బయటి బొమ్మలు చూపించే ముందు నన్ను అడుగు అనే ఆప్షన్ ఎంచుకోండి. ఐఫోన్ మెయిల్ యాప్ అయితే ‘ప్రైవసీ ప్రొటెక్షన్’ ఆన్ చేయండి. ఇక మీదట మీరు మెయిల్ నిజంగా చదివారో లేదో అతనికి తెలియదు. లింకు నొక్కితే మాత్రం తెలుస్తుంది. మన వివరాలు వాడుకోవాలంటే మామూలుగా మన సమ్మతి ఉండాలని 2023 నాటి డేటా పరిరక్షణ చట్టం చెబుతోంది. అయితే ఏజెంటుకు చట్టం పాఠం చెప్పడం కంటే సెట్టింగ్ మార్చుకోవడం త్వరగా తేలే పని.

ప్రశ్న: ఉద్యోగం కోసం ఒక హెచ్ఆర్ మేడమ్‌కి ట్రాకర్ పెట్టి రెజ్యూమే పంపాను. మూడుసార్లు తెరిచినట్టు చూపిస్తోంది. ఫోన్ చేసి అడగొచ్చా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దు నాయనా. నువ్వు పెట్టిన ట్రాకరూ పైన చెప్పిన బొమ్మే. ఆ మూడింట్లో ఒకటి కంపెనీ భద్రతా సాఫ్ట్‌వేర్‌ది కావచ్చు, ఒకటి ఆవిడ ఫార్వర్డ్ చేసినది కావచ్చు, ఇంకొకటి సెంట్ ఫోల్డర్‌లో నువ్వే తెరిచి చూసుకున్నది కావచ్చు. ‘మీరు చూశారని నాకు తెలుసు’ అనిపించేలా ఫోన్ చేస్తే ఎవరికి నచ్చుతుంది? ప్రోటాన్, హే లాంటి మెయిల్ సర్వీసులైతే ట్రాకర్ ఉందన్న సంగతి అందుకున్నవాళ్లకే చూపించేస్తాయి. ముందు ఆ ట్రాకర్ తీసెయ్. వారం ఆగి, పాత మెయిల్ కిందే రెండు ముక్కల్లో మర్యాదగా అడుగు.