కొండవీడు మూలకాల్లో కుదిరేనా?

బడిలో సైన్సు చెప్పిన రోజుల నుంచీ మూలకాల గుర్తులతో పేర్లు రాయించడం నాకో సరదా. ఇప్పుడు మనవలతో ఆడుతున్నాను. కొత్తగా వచ్చే మాస్టార్ల కోసం తోచిన నాలుగు మాటలు.

1. పిల్లవాడి పేరుతోనే మొదలుపెట్టండి. 118 గుర్తులూ బట్టీ పట్టిస్తే సాయంత్రానికే ఎగిరిపోతాయి. గాలియం, నియాన్, గంధకం, హైడ్రోజన్ అని గణేష్ కూడబలుక్కున్నాడంటే ఆ నాలుగూ ఇక వాడివే. సీత కూడా కుదురుతుంది: గంధకం, అయోడిన్, టాంటలమ్. రాముడికే దారి లేదు. రేడియం దాకా వెళ్తాడు, ఆపైన ఒంటి 'ఎమ్' ఏ మూలకానికీ లేదు.

2. కుదరని పేర్లను వదలొద్దు, అసలు చదువు అక్కడుంది. మన కొండవీడే చూడండి. 'కె' పొటాషియం, 'ఓ' ఆక్సిజన్, 'ఎన్‌డి' నియోడిమియం. తర్వాత 'ఏ' దగ్గర ఆగిపోతాం. వినుకొండ, కోటప్పకొండ కూడా చివరి 'ఏ' దగ్గరే చతికిలబడతాయి. ఒకప్పుడు ఒంటి 'ఏ' ఉండేది, అది ఆర్గాన్‌ది. 1957లో దానికి 'ఆర్' తగిలించారు. పాత ఇంగ్లిషు పుస్తకాల్లో మన ఊరికి రెండు 'ఇ'లు ఉండవు, 'వి' పక్కన ఒక్క 'ఐ'తో సరిపెట్టేవారు. అలా రాస్తే వెనేడియం, అయోడిన్ దొరుకుతాయి. 'డి'కి 1931లో యూరీ కనిపెట్టిన డ్యుటీరియం, 'యు'కి యురేనియం. అంటే 1930ల నుంచి 1957 దాకా మాత్రమే మన ఊరి పేరు పూర్తిగా రాయగలిగేవాళ్లం! డ్యుటీరియం విడి మూలకం కాదు, హైడ్రోజన్ ఐసోటోపే కదా అని ఎవరైనా పేచీ పెడితే ఆ పిల్లను మెచ్చుకోండి.

3. నరసరావుపేట, చిలకలూరిపేట, ఇంకే పేటైనా సరే, 'పి' తర్వాతి 'ఇ'ని దాటేది లేదు. కాలయాపన వద్దు.

4. పొటాషియానికి 'కె' ఏమిటని అడగనివ్వండి. అప్పుడు కాలియం, నేట్రియం, బెర్జీలియస్ 1813-14లో లాటిన్ పేర్ల నుంచి గుర్తులు తీసిన సంగతి చెబితే చెవికెక్కుతుంది. అడక్కముందు చెబితే ఆవలిస్తారు.

5. గుర్తు కోసం పేరులో లేని అక్షరం చేర్చొద్దు. ఆ పని న్యూమరాలజీ వాళ్లు చేస్తూనే ఉన్నారు. కృష్ణకు ఏ సాయమూ అక్కర్లేదు: క్రిప్టాన్, అయోడిన్, గంధకం, హైడ్రోజన్, సోడియం. పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుణ్ణి ఇప్పటి కుర్రాళ్లలా 'శ్రీనాథ్' అని రాస్తే కనీసం రెండు రకాలుగా పలుకుతాడు. స్ట్రాన్షియం, అయోడిన్, సోడియం, థోరియం ఒకటి. స్ట్రాన్షియం, ఇండియం, ఆస్టటీన్, హైడ్రోజన్ రెండోది. ఆయనకు శ్లేష కొత్తా ఏమిటి!

6. జయమ్మలు, విజయలు, రాజులు చిన్నబుచ్చుకుంటారు. పట్టికలో 'జె' లేదు. జర్మన్లు అయోడిన్‌ను 'జె'తో రాసేవారని చెప్పి చూడండి, కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్లకు ఇంటిపేరు ఇవ్వండి, లేదా నాన్న పేరు. చివర 'రావు' ఉంటే రేడియం, ఆక్సిజన్ ఎలాగూ సిద్ధం.