కారు టాప్‌కు తుప్పు పడితే: సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం పాత అంబాసిడర్లు, ఫియట్ల టాప్ తుప్పు గురించే. టాప్ పైనుంచి బాగానే కనిపిస్తుంది, తినేసేది లోపలి నుంచి. అందుకే పెయింటర్ దగ్గరికి వెళ్లే ముందు నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో తేల్చుకోవాలి. కింది జవాబులన్నిటికీ అదే ఆధారం.

ప్రశ్న: మా నాన్నగారు కొన్న 1974 అంబాసిడర్ మా ఇంట్లో ఉంది. ముందు అద్దం పైన పెయింటు బుడగల్లా లేచింది. గీకి, లప్పం పెట్టి, పెయింటు కొడితే చాలని పెయింటర్ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఒప్పుకోకండి. తుప్పు తాను తిన్న ఇనుముకన్నా చాలా ఎక్కువ జాగా తీసుకుంటుంది కాబట్టే పెయింటు అలా ఉబ్బుతుంది. దానిమీద లప్పం పెడితే అది చెమ్మ పీల్చుకుంటుంది, అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. ఒకటి రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే చోట మళ్లీ బుడగలు లేస్తాయి.

మీ కారులో రెండు చోట్ల అనుమానించాలి. మొదటిది ముందు అద్దం రబ్బరు. అది గట్టిపడి పగిలితే వాన నీరు గాడిలో నిలిచిపోతుంది. రెండోది రూఫ్ లైనింగ్ వెనక. రాత్రి రేకు చల్లబడినప్పుడు లోపలి తేమ దాని అడుగున నీరుగా పడుతుంది, లైనింగ్ దాన్ని త్వరగా ఆరనివ్వదు. మీ ఊరి ఉప్పుగాలి ఈ రెండింటికీ తోడవుతుంది.

చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి టాప్ అంతా జరపండి. అది పట్టు వదిలిన చోట పాత లప్పం మందంగా ఉందన్నమాట. తర్వాత లైనింగ్ విప్పించండి. లైనింగ్ వేలాడే తీగలు ఒక్కొక్కటీ ఒక్కో వంపులో ఉంటాయి, అందుకని తీసిన వరసలోనే నంబర్లు రాసి పెట్టుకోండి. ఇప్పుడు అడుగు నుంచి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. రేకు గట్టిగా నిలిచి, పైన గుంటలు మాత్రమే ఉంటే వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బామీద రాసినట్టు శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి. మొన లోపలికి దిగిపోతే ఆ ముక్క కోసి తీసేయడమే.

ప్రశ్న: మా ఫియట్ గట్టర్ పక్కన అరచేయంత చిల్లు పడింది. ఫైబర్ అతికిస్తే సరిపోతుందా? తెలిసినవాళ్ల కారుకు గ్యాస్ వెల్డింగ్ చేయిస్తే టాప్ అలలు తేలింది, ఆ భయంతోనే అడుగుతున్నాను.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫైబర్ వద్దండీ. తుప్పు మీద అది నిలవదు. అంచు దగ్గర లేచిపోతే అందులో నీళ్లు చేరతాయి.

మీ భయం సబబే. గ్యాస్ మంట చాలా మేర రేకును వేడెక్కిస్తుంది. వేడికి సాగబోయిన రేకును చుట్టూ ఉన్న చల్లని రేకు సాగనివ్వదు. చల్లారేటప్పుడు అది ముడుచుకుని చుట్టుపక్కల రేకును లాగేస్తుంది. టాప్ దాదాపు చదునుగా ఉండే పెద్ద రేకు కాబట్టి నొక్కితే డబ్బుమని లోపలికి పోయి మళ్లీ లేస్తుంది.

అందుకే వేడి చిన్న చోటికే పరిమితమయ్యే సీఓటూ వెల్డింగ్ చేసే టింకర్‌ను వెతకండి. తుప్పు కనిపించిన అంచు దాటి ఇంకో అంగుళం, మెరిసే రేకు వచ్చేదాకా కోయాలి. కోసిన మూలలు గుండ్రంగా ఉండాలి. అట్టతో నమూనా తీసి, పక్క రేకు మందాన్ని కొలిచి, అంతే మందం సీఆర్ షీట్‌తో ముక్క చేయించండి. ముక్కను ఒకదానిమీద ఒకటిగా కాకుండా అంచుకు అంచు ఆనేలా కూర్చాలి. రేకుమీద రేకు పడితే మధ్యలో మళ్లీ నీళ్లు దూరతాయి. ఒకచోట చుక్క పెట్టాక ఎదుటి వైపు ఇంకో చుక్క, చెయ్యి ఆన్చగలిగేంత చల్లారాక మరొకటి. ఈ పనికి ఓపికే ముఖ్యం.

గట్టర్ అంటే రెండు రేకులు కలిసే అతుకు. క్యారియర్ కాళ్లు బిగించే చోట పెయింటు గీసుకుపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. వెల్డింగ్, ప్రైమర్ అయ్యాక ఆ అతుకు పొడుగునా సీమ్ సీలర్ పట్టించండి.

వెల్డింగ్ ముందు బ్యాటరీ తీగ విప్పాలి. లైనింగ్, అద్దాలు, సీట్లు తీసేయాలి. పక్కన ఒకరు మంటలార్పే సిలిండర్‌తో నిలబడి తీరాలి.

ప్రశ్న: మా అంబాసిడర్ టాప్ అంచులన్నీ తుప్పుకు పోయాయి. స్క్రాప్‌లో దొరికిన అంబాసిడర్ టాప్ కోయించి వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వేయించుకోవచ్చు. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయింది కాబట్టి అంబాసిడర్‌కు అలాంటి టాపే దిక్కు. అయితే ఈ కారుకు విడిగా చట్రం లేదు, బాడీయే బరువు మోస్తుంది. టాప్ కోయగానే స్తంభాలు పక్కకు జరిగే ప్రమాదం ఉంది. కారును చదునైన నేలమీద నిలిపి, లోపల ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డ్ చేయించాకే కోయనివ్వండి. తలుపులు బిగించే ఉంచి, ప్రతి దశలోనూ మూసి తెరిచి చూడండి. కొనబోయే టాప్‌కూ అయస్కాంతం, స్క్రూడ్రైవర్ పరీక్షలు తప్పనిసరి. మధ్య రేకు మాత్రమే పోయినవారు ఇంత దూరం రావక్కర్లేదు.

ప్రశ్న: మా కారుది 1971 రిజిస్ట్రేషన్. వింటేజ్ కింద నమోదు చేయించాలనుంది. టాప్ రిపేరు అడ్డొస్తుందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనం వింటేజ్ కిందికి వస్తుంది. అది అసలు రూపంలోనే ఉండాలి, చట్రంలో, బాడీలో, ఇంజిన్‌లో మార్పు చేసి ఉండకూడదు. కాబట్టి టాప్ వంపు, గట్టర్, అద్దం చట్రం ఉన్నవి ఉన్నట్టే రావాలి. సన్‌రూఫ్ లాంటి ఆలోచనలు వద్దు. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగండి. ప్రతి దశకూ ఫొటోలు తీసి, బిల్లులు దాచండి. ఒక్కమాట: వింటేజ్‌గా నమోదైన కారును రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు.

ప్రశ్న: రిపేరయ్యాక తుప్పు మళ్లీ రాకుండా ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: లైనింగ్ బిగించే ముందే టాప్ అడుగుకు ఎపాక్సీ ప్రైమర్ కొట్టించి, చేయి దూరని సందుల్లో క్యావిటీ వ్యాక్స్ పట్టించండి. అద్దాలకు కొత్త రబ్బర్లు వేయించండి. ప్లాస్టిక్ కవరు కప్పవద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాలి ఆడే గుడ్డ కవరు మేలు. వారానికోసారి మంచినీళ్లతో ఉప్పు కడిగి, గట్టర్‌లో పేరుకున్న ఆకులు, మట్టి తీసేయండి. ఏటా వానాకాలానికి ముందు పైపుతో టాప్ మీద నీళ్లు పోయించి, లోపల కూర్చుని చూడండి. చెమ్మ ఎక్కడ కనిపిస్తే ఆ వారమే అక్కడ సరిచేయించండి.