పూల మొక్క దుంప

అక్కలారా! మనం వేరుశనగ పప్పు దంచి కూరలో వేస్తాం కదా! మనకు పడమరగా, సముద్రం అవతల ఆఫ్రికా ఉంది. అక్కడ జాంబియా అనే దేశం ఉంది. ఆ దేశపు ఆడవాళ్లూ వేరుశనగ దంచుతారు. అందులో ఒక అడవి దుంప పిండి కలిపి వండుతారు. ఆ వంట పేరు చికండా.

ఆ దుంప ఆర్కిడ్ అనే పూల మొక్కది. ఆర్కిడ్‌లలో చాలా రకాలున్నాయి. కొన్ని రకాలకు నేలలో చిన్న చిన్న దుంపలు ఊరతాయి.

వండే తీరు

దుంపలు కడుగుతారు. తొక్క తీసి ఎండబెడతారు. దంచి పిండి చేస్తారు. వేరుశనగ పొడి కలుపుతారు. మరిగే నీళ్లలో ఉప్పు, కారం వేస్తారు. పిండి పోసి కలియబెడతారు. కొంచెం వంటసోడా వేస్తారు. గట్టిపడ్డాక మూత పెట్టి, మూత మీద నిప్పులు పోస్తారు. పైభాగం ఎర్రగా కాలుతుంది. చల్లారాక ముక్కలు కోస్తారు. మొక్కజొన్న సంకటితో నంజుకుంటారు.

దుంపలు ఎందుకు తగ్గాయి?

ఒకప్పుడు ఇది పల్లె వంట. ఇప్పుడు పట్నం బజార్లలోనూ అమ్ముతున్నారు. దుంపలు తవ్వే ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. కానీ దుంపలు తగ్గిపోయాయి. పక్కనున్న టాంజానియా దేశం నుంచి తెస్తున్నారు. అక్కడా తగ్గుతున్నాయి.

ఈ మొక్క కింద రెండు దుంపలుంటాయి. పాత దుంప ఈ ఏటి మొక్కకు తిండి పెట్టి వడిలిపోతుంది. కొత్త దుంప నుంచి వచ్చే ఏడు మొక్క వస్తుంది. జనం తినేది ఆ కొత్త దుంపనే. అది తీస్తే మొక్క పోయినట్టే. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టే!

పోనీ, విత్తనం చల్లి పండిద్దామా? దాని విత్తనం దుమ్ములా సన్నం. నేలలో ఒక రకం బూజు తోడుంటేనే మొలుస్తుంది. అందుకే పండించడం కష్టం.

టాంజానియాలో కిటులో అనే చోట ఈ పూలు విరగబూస్తాయి. జనం దాన్ని 'దేవుడి తోట' అంటారు. 2005లో దాన్ని జాతీయ పార్కు చేశారు. అక్కడ దుంపలు తవ్వకూడదు. మొక్కకు మేలే. మరి తవ్వి బతికే ఆడవాళ్ల పొయ్యి ఎలా వెలగాలి? మొక్కా నిలవాలి, మనిషీ బతకాలి. అందుకే అన్నీ తవ్వకూడదు. విత్తనం రాలేదాకా ఆగాలి. కొన్ని మొక్కలు వదలాలి.

మన అడవుల్లోనూ తీగ దుంపలు తవ్వుతాం. దుంప తల ముక్కను మళ్లీ పాతితే తీగ వస్తుంది. ఆ చిన్న పని మరవకండి. రేపు మన పిల్లలూ తినాలి కదా!

ఆలోచించి చెప్పండి

1. చికండాలో ఏమేమి వేస్తారు?
2. కొత్త దుంప తీస్తే ఏమవుతుంది?
3. మీ ఊళ్లో ఒకప్పుడు దొరికి, ఇప్పుడు దొరకని ఆకుకూర, దుంప ఏవి? పేర్లు రాయండి.