‘ఐ’ యను మాట

మేడ్చలు బజారులోనో, శామీరుపేటలో బస్సు కొరకు నిలుచు తావుననో కొంతసేపు చెవియొగ్గి వినుడు. ఒక్క సమ్మతిని తెలుపుటకు ఎన్ని మాటలు! ఒకరు ‘ఔను’ అందురు, ఒకరు ‘అవు’ అందురు. పనిలో మునిగినవారు ‘ఆఁ’ అని ఊరకుందురు. దక్కనీ ఉర్దూ మాటాడువారు ‘హౌ’ అందురు. ఉర్దూ పాఠ్యపుస్తకము నేర్పునది ‘హాఁ’. పెద్దలయెదుట ‘జీ హాఁ’. అయినను ‘హౌ’ అని వినబడగానే మాటాడువాడు హైదరాబాదు వైపువాడని గ్రహింపవచ్చును.

ఇంగ్లీషు భాషలోను ఇట్టి మాట యొకటి కలదు. అది మీరు తరగతిలో నేర్చిన ‘యెస్’ కాదు; ‘ఐ’ అను పాత మాట. ‘నేను’ అను అర్థముగల ‘ఐ’కిని దీనికిని ఉచ్చారణలో భేదము లేదు. 16వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇది వ్రాతలో హఠాత్తుగా కనిపించినది. ఆ కాలపు అచ్చు పుస్తకములలో దీనిని తరచుగా ‘నేను’ను సూచించు ఒంటి అక్షరముతోనే వ్రాసెడివారు. అందుచేత ‘నేనును ఒప్పుదును’ వంటి జవాబునుండి ఇది పుట్టినదని కొందరును, ‘యే’ అను మరింత పాత సమ్మతిపదమునుండి మారినదని మరికొందరును తలంతురు. ఆ వివాదము నేటికిని తీరలేదు. స్కాట్లండునను, ఇంగ్లండు ఉత్తర భాగమునను జనులు ఇప్పటికిని ‘ఐ’ అనియే పలుకుచుందురు.

నావికులు దీనిని జంటగా వాడుదురు. అధికారి ‘లంగరు ఎత్తుము’ అని ఆజ్ఞాపించినపుడు నావికుడు ‘యెస్’ అనడు. ‘ఐ, ఐ, సర్’ అనును. ‘యెస్’ ప్రశ్నకు జవాబు. ‘ఐ, ఐ’ అనగా ‘ఆజ్ఞ తెలిసినది, నెరవేర్చెదను’ అని అర్థము. మన పూర్వపు కొలువులలోని ‘చిత్తము’ దీనికి మిక్కిలి దగ్గర.

ఈ మాట మన దేశమునకు ఓడలతో వచ్చినదో లేదో గాని, చట్టసభల వెంట మాత్రము వచ్చినది. లోక్‌సభలో ఒక తీర్మానముపై అభిప్రాయము కోరునపుడు సమ్మతించువారు ‘ఐ’ అనియు, సమ్మతింపనివారు ‘నో’ అనియు పలుకుదురు. ఏ కేక పెద్దదో విని సభాపతి నిర్ణయము చెప్పును. ఎవరైన దానిని అంగీకరింపనియెడల ఓట్లు లెక్కింపవలెను. 1999 ఏప్రిల్ 17వ తేదీన అటల్ బిహారీ వాజపేయి ప్రభుత్వముపై విశ్వాస తీర్మానము ఓటునకు వచ్చినపుడు ‘ఐ’ పక్షమున 269, ‘నో’ పక్షమున 270 ఓట్లు పడినవి. ఒక్క ఓటుతో ప్రభుత్వము పడిపోయినది. ఆనాటి సభాపతి అమలాపురమునుండి ఎన్నికైన గంటి మోహనచంద్ర బాలయోగి. ఇరుపక్షములు సమానమైననే తప్ప సభాపతి ఓటు వేయరాదు. ‘నో’ యన్నవారిలో ఒక్కరు మౌనము వహించియున్నచో ఆ భారము మన తెలుగువానిపై పడియుండెడిది!

సభలో ప్రశ్న సూటిగా ఉండును గనుక చిక్కు లేదు. ప్రశ్నలోనే ‘లేదు’ ఉన్నపుడు చిక్కు వచ్చును. పూర్వము ఇంగ్లీషున దీనికొక ఏర్పాటుండెడిది. ‘వచ్చితివా?’ అని అడిగినచో ‘యే’ లేక ‘నే’ అనవలెను. ‘రాలేదా?’ అని అడిగినచో ‘యెస్’ లేక ‘నో’ అనవలెను. అనగా ‘యెస్’ అనునది మొదట ‘రాకేమి, వచ్చితిని’ అని అడ్డుచెప్పు మాట. బైబిలును ఇంగ్లీషులోనికి అనువదించిన విలియం టిండేలు ‘నే’, ‘నో’ల భేదమును పాటింపలేదని సర్ థామస్ మోరు 1532లో ఆక్షేపించెను. విచిత్రమేమనగా, ఆ నియమమును చెప్పుటలో మోరే తడబడెను! ఇంత చిన్న మాటపై అంత పట్టుదల గల ఆ మనుష్యుడు, రాజు కోరిన ప్రమాణమునకు సమ్మతింపక 1535లో ప్రాణములనే కోల్పోయెను. తరువాతి కాలమున ‘యే’, ‘నే’ వాడుకనుండి తొలగినవి; ‘యెస్’, ‘నో’ మాత్రము మిగిలినవి.

మన ‘అవును’ స్వభావము వేరు. అది ‘అగు’ ధాతువునుండి పుట్టిన క్రియ. ‘కాదు’ దానికి వ్యతిరేకరూపము. ‘అవును’ అనగా ‘నీవన్నది అట్లే’ యని భావము. కావున ‘నీవీ పత్రముపై సంతకము చేయలేదా?’ అని అడిగినపుడు చేయనివాడు ‘అవును’ అనుట తెలుగున ఒప్పే. ఇంగ్లీషువాడు అచ్చటనే ‘నో’ అనవలెను. న్యాయస్థానములలో సాక్షి తెలుగున చెప్పినది ఇంగ్లీషున వ్రాయు సందర్భములు కలవు. వ్రాయువాడు ఏమరపాటున ‘అవును’ను ‘యెస్’ అని మార్చినచో, చేయని సంతకము చేసినట్లే యగును, పొలము చేజారవచ్చును. మేడ్చలు చుట్టుపట్ల భూముల వెల ఎంత పెరిగినదో మీ పెద్దలకు తెలియును. శామీరుపేటలో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము కలదు. అచ్చట చదువుకొన్న వారిలో ఎందరో న్యాయవాదులగుచున్నారు. నేర్పరియగు న్యాయవాది అట్టి జవాబు వినగానే దానిని అట్లే విడువడు. ‘లేదా’ను తీసివైచి, ‘నీవు సంతకము చేసితివా?’ అని మరల అడుగును. ‘చేయలేదు’ అని సాక్షి చెప్పిన పిదపనే తరువాతి ప్రశ్నకు పోవును.