బయానాకు ముందు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఇల్లు కొనేవారి నోట రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఖరీదు, బయానా, హద్దు, దస్తావేజు అనేవి అరబ్బీ, పారసీల నుండి ఉర్దూ ద్వారా మనకు చేరిన వ్యవహార పదాలు. గడప, వాకిలి, పెరడు అనేవి మమతతో ముడివడిన అచ్చ తెనుగు పదాలు. ‘ఇల్లు’ నుండే ‘ఇల్లాలు’ పుట్టింది. ఉర్దూలోనూ ‘ఘర్’ నుండి ‘ఘర్‌వాలీ’ ఏర్పడింది. ఇంటిపై మమకారానికి భాషాభేదం లేదు.

అయితే ఆ మమకారమే ఒక్కొక్కప్పుడు కన్ను కప్పుతుంది. వాకిట వేపచెట్టు కనబడగానే పుట్టినిల్లు జ్ఞప్తికి వస్తుంది. ఇక గోడలోని చెమ్మ కంటికి ఆనదు. హద్దు తగాదా చెవికెక్కదు. మరొకరు కొనుక్కుపోతారేమోనన్న భయంతో జీవితకాలపు కూడిక బయానాగా చేయి దాటుతుంది. కాని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 54వ సెక్షను ప్రకారం కొనుగోలు ఒప్పందం మాత్రమే ఇంటిపై హక్కు నివ్వదు.

కనుక బయానాకు ముందు కొన్నాళ్లు ఆగాలి. వాన కురిసిన మరునాడు ఇంటిని మరల చూడాలి. పాత దస్తావేజులు తెలిసినవారిచేత చదివించాలి. దినమంతా అక్కడ మెలగవలసిన ఇల్లాలి అభిప్రాయం అడగాలి. అప్పటికీ మనసు ఆ గడపనే కోరితే, సంకోచం అక్కరలేదు.